మా తాతకి అంటగట్టిన ఫ్రెంచి కౌంటు

ఈ పరాయి దేశంలో మేముండే టోవా పాయో పేటలో ఆదివారం పొద్దున హోటల్లో కాఫీకి బల్ల దొరకదు. మనిషి ఉండడు, బల్ల మీద టిష్యూ పొట్లం మాత్రం ఉంటుంది. అంటే బల్ల ఆయనదే. దీన్ని ఇక్కడ 'చోప్' చేయడం అంటారు. నాకది ఒళ్లుమంట.

నిజానికి నాకు మాట్లాడే హక్కు లేదు. పెళ్లినాటి నుంచీ నేనూ ఒకటి చోప్ చేసి కూర్చున్నాను. మధ్యయుగాల ఫ్రాన్సులో ఒక కౌంటుగారి వంశం. మోయడానికి కాస్త బరువే, అందులో కోటలు కూడా ఉన్నాయి. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పేస్తున్నాను.

మాది యానాం. ఫ్రెంచివాళ్లు ఏలిన రోజుల్లో మా తాత వీరన్న ఒక దొరగారి గుర్రాన్ని కడిగేవాడు. తన పూర్వీకులు కౌంట్లని, అంటే మన జమీందార్లలాంటి వాళ్లని, దొర గుర్రానికీ తాతకీ కలిపి చెప్పేవాడట. ఇద్దరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఈ దేశం వచ్చి సైన్స్ పార్క్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఈ ఊళ్లోనే బెడోక్‌లో మామగారి ఫ్లాట్‌లో నా పెళ్లిచూపులు. ఆయన తన వంశమంతా ఏకరువు పెట్టి, "మరి మీ తాతగారేం చేసేవారు, బాబూ?" అన్నారు. గుర్రం నోటిదాకా వచ్చింది. ఎదురుగా అమ్మాయి ఉంది.

"కౌంట్ల వంశపు దొర ఒకాయన మా తాతని కొడుకులా చూసుకున్నాడండీ."

"అంటే దత్తత!" అన్నారు మామగారు. దత్తు వెళితే వంశం కూడా వస్తుంది కదా.

నేను కాదనలేదు. అంతే నేను చేసింది. అంతేనా? అబద్ధం ఆయన ఆడారు, నేను కాఫీ మాత్రమే తాగాను అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయనకి ఒక కౌంటు కావాలి. లైబ్రరీలో చదివి కొందరిని, చదవకుండా కొందరిని సరఫరా చేశాను. బట్టతల కౌంటు, అతని కొడుకు తగాదాల కౌంటు, తమ్ముణ్ణి కోటలో బంధించి ఆనక పశ్చాత్తాపంతో మఠం కట్టించిన మనవడు. "ఈ బుద్ధులన్నీ మా వాళ్లకీ ఉన్నాయోయ్!" అని మామగారు మురిసిపోయేవారు. అంత సంతోషమైన ఆదివారాలు నా జీవితంలో లేవు. తప్పు చేసేవాడికి అంత ఆనందం ఉండొచ్చా?

పోయిన నెల మా అమ్మాయి పెళ్లి కుదిరింది. పెళ్లిలో ప్రవర చదువుతారు కదా, ఫలానావారి మునిమనవరాలు, ఫలానావారి మనవరాలు అని. అందులో మా తాతని కౌంటుగారి దత్తపుత్రుడిగా చదవమని మామగారు పంతులుగారికి చెప్పి వచ్చారు. యానాంలో ఆయన్ని అందరూ "ఒరే వీరన్నా" అనే పిలిచారు. నలుగురిలో ఆ పేరు గౌరవంగా వినపడే చోటు ఇదొక్కటే. అక్కడా దొరగారే వచ్చి కూర్చుంటే? నేను మోసం చేసింది మామగారినొక్కరినే కాదని అప్పుడు గానీ తట్టలేదు.

మొన్న ఆదివారం కాఫీ దగ్గర చెప్పేశాను. గుర్రం, బకెట్టు, అన్నీ. మామగారు చాలాసేపు కప్పులో చెంచా తిప్పారు.

"బట్టతల కౌంటు కూడానా?"

"ఆయన కూడానండీ."

"బెడోక్ అంతా చెప్పుకున్నాను కదయ్యా!"

తర్వాత ఫోన్ తీసి పంతులుగారికి చేశారు. "వీరన్న. అవును, ఒట్టి వీరన్నే" అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కానీ ఆ పేరు ఆయన నోట వినగానే నాకు నవ్వాగలేదు, అంత తేలికైంది ప్రాణం.

పక్కన మా ఆవిడ టోస్టు నమలడం పూర్తిచేసి, నావైపు తిరిగింది.

"నేను మిమ్మల్ని ఒప్పుకున్నదే ఆ కౌంటుని చూసి."