చూసొచ్చినవాడికి సీటెందుకు

ఆ ట్రావెల్స్ ఆఫీసులో అతన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఓడ ఎక్కినందుకు కాదు, ఎక్కినట్టు చెప్పినందుకు. గాజు తలుపుకీ జెరాక్స్ మిషనుకీ మధ్య ఇరికించిన బల్ల అతనిది. కుర్చీ వెనక్కి జరిపితే గోడ తగులుతుంది, ముందుకు జరిపితే పొట్ట నొక్కుకుంటుంది.

పదో తరగతి గట్టెక్కని మాట నిజమే. కానీ కోపెన్‌హాగెన్ నుంచి ఓస్లోకి రాత్రి ఓడ, అక్కణ్ణుంచి స్టాక్‌హోమ్‌కి రైలు, మళ్ళీ ఓడలో హెల్సింకి అంటూ అతనిలా దారి గీసేవాడు ఏడు సముద్రాలకు ఇవతల లేడు. అవతల సంగతి తెలియదు. దారితోపాటు కోతలు ఉచితం. వేసవిలో ఓస్లో సూర్యుడికి నిద్ర పట్టకపోతే తనే కర్టెను లాగి పడుకోబెట్టాడట. చలికాలం ఓడ డెక్కుకి తన నీడ గడ్డకట్టి అంటుకుపోతే వేణ్ణీళ్ళు పోసి ఊడదీసుకున్నాడట.

మాటలు కోటలు దాటాయి గానీ, కాలు గడప దాటలేదు. ఆ సంగతి లెక్కలు చూసే పిన్నిగారికి ఒక్కరికే తెలుసు. ఓసారి జ్వరంలో నోరు జారాడు.

ఈ వేసవికి రిటైరైన టీచర్ల గుంపొకటి ఆ నాలుగు రాజధానులూ చూస్తామని వచ్చింది. అంత పెద్ద గుంపుతో ఆఫీసు మనిషొకరికి ఊరికే సీటు వస్తుంది. అది తనదేననుకుని కెప్టెన్ ఉన్ని టోపీ కూడా కొని సొరుగులో దాచాడు. యజమాని స్వయానా అక్క మొగుడు, ఇంకెవరికిస్తాడు?

టీచర్లందరి ముందే బావ తేల్చేశాడు. “ఆ సీటు పిన్నిగారికి. ఆవిడ ఊరి పొలిమేర దాటి ఎరగరు. మావాడు అక్కడ తిరగని సందు లేదు. ఏరా బామ్మర్దీ?”

కెప్టెన్ కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు. “అవును బావా. చూసిందే చూడ్డం నాకూ విసుగే.”

పిన్నిగారు అతన్ని జెరాక్స్ మిషను పక్కకి లాక్కెళ్ళింది. “సిటీ బస్సెక్కితేనే నాకు కడుపులో తిప్పుతుందిరా. వెళ్ళలేదని ఒక్క ముక్క చెప్పు, సీటు నీకొదిలేస్తాను. పోతే పరువేగా పోయేది.”

“నా దగ్గరున్నది అదొక్కటే పిన్నీ.”

“దాన్నేసుకుని ఓడెక్కలేవు నాయనా.”

ఆ మాట గుచ్చుకుంది. వెళ్ళి బావ ఎదుట నిలబడ్డాడు. “బావా, నేనసలు...”

టీచర్లలో పెద్దాయన అడ్డొచ్చాడు. “కెప్టెన్‌గారూ, ఓడ కదిలేటప్పుడు ఎలా ఉంటుందండీ?”

కుర్చీలన్నీ అతని వైపు తిరిగాయి. గొంతుదాకా వచ్చిన నిజం అక్కడే ఆగింది. నోరు మాత్రం ఆగలేదు.

“కదిలేది ఓడ కాదండీ, ఊరు. మొదటిసారి నేను ఒడ్డుని పట్టుకోండి అని కేకేశాను.”

టీచర్లు పడీపడీ నవ్వారు. బావ మీసం దువ్వుకున్నాడు. పిన్నిగారొక్కతే నవ్వలేదు, చెప్పమన్నట్టు ఇంకా అతన్నే చూస్తోంది.

కెప్టెన్ సొరుగు లాగి టోపీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. “చెవులు కప్పుకో పిన్నీ. డెక్కు మీద గాలి సంగతి నాకు తెలుసు.”