పచ్చరాయి పెంచిన పెళ్లికొడుకు

పిల్ల మనసు గెలవడానికి ఒకడు పూలు తెస్తాడు, ఇంకొకడు చీర తెస్తాడు. నేను పొటాషియం ఫెర్రిఆక్సలేట్ తెచ్చాను. తెచ్చి, కుదిరిన పెళ్లిని చెడగొట్టుకునే అంచుదాకా వెళ్లాను. పేరు నోరు తిరగకపోతే దిగులు పడకండి. ఇనుమూ ఆక్సాలిక్ ఆమ్లమూ కాపురం పెడితే పుట్టే ఉప్పు అనుకోండి, చాలు.

అప్పుడు నేను తల్లాడలో ఒక జూనియర్ కాలేజీలో కొత్త కెమిస్ట్రీ లెక్చరర్ని. వినేవాళ్లు దొరికితే వంటింటి ఉప్పు డబ్బా మీద కూడా గంటసేపు మాట్లాడేవాణ్ని. చండ్రుగొండ సంబంధం కుదిరింది. అమ్మాయి రమ్య ఫారెస్టు బీట్ ఆఫీసరు, చర్ల పక్క అడవిలో ఉద్యోగం. ఖాకీ యూనిఫాం వేసుకుని పొద్దున బయల్దేరితే సాయంత్రం దాకా ఎండలో నడిచే మనిషి. ఆమెను చూస్తే నాకు సగం భయం, ఒకటిన్నర గౌరవం.

నిశ్చితార్థం అయింది, ముహూర్తం పెట్టాలి. అంతలో సిద్ధాంతి గారు మా కాబోయే అత్తమ్మకు ఒక మాట చెప్పారు. అమ్మాయి జాతకంలో బుధుడు నీరసంగా ఉన్నాడనీ, ఆకుపచ్చ రాయి వేసుకుంటే లేచి కూర్చుంటాడనీ.

"మంచి పచ్చ యాడ దొరుకుతదో ఏందో. దుకాణపోళ్లు గాజుముక్క అంటగడ్తరు," అని అత్తమ్మ బెంగ పెట్టుకుంది.

నేను నోరు మూసుకుని చాయ్ తాగి ఉంటే ఈ కథే లేదు. "కొనుడెందుకు అత్తమ్మా? నేను పెంచి తెస్త," అన్నాను.

"రాయిని పెంచుతరా? అదేమన్న సొరపాదా బాబూ?"

"స్ఫటికం అత్తమ్మా. నీళ్లల్ల పెరుగుతది. అసలు పచ్చ కాదు గని, రంగు అచ్చం పచ్చదే."

"రంగు కలిస్తె చాలు తీయ్. బుధుడేమన్న దగ్గరికొచ్చి గీకి సూస్తడా?"

గడప దగ్గర నిలబడ్డ రమ్య నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకు మెచ్చుకోలులా వినబడింది. వయసు అటువంటిది.

ఇక ల్యాబులో చూడాలి నన్ను. మోర్ లవణం అనే ఇనుప ఉప్పు ద్రావణంలో ఆక్సాలిక్ ఆమ్లం పోశాను. పసుపు పొడి అడుక్కి దిగింది. దాని పేరు ఫెర్రస్ ఆక్సలేట్. ఈ పసుపును గుర్తుంచుకోండి, పిలవని పేరంటానికి మళ్లీ వస్తుంది. అందులో పొటాషియం ఆక్సలేట్ కలిపి, వెచ్చబెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కచుక్కగా వేశాను. మొదట ఎర్రమట్టి నీళ్లలా అయింది. మరికొంచెం ఆక్సాలిక్ ఆమ్లం పడగానే తేటపడి, తొలకరికి తడిసిన ఆకు రంగుకు తిరిగింది. అందులోంచి తీసిన ఒక చిన్న పలుకును దారానికి కట్టి, మళ్లీ అదే ద్రావణంలో వేలాడదీసి, బీరువాలో చీకట్లో పెట్టాను.

చీకట్లో ఎందుకంటారా? ఈ ఉప్పుకు వెలుతురు పడదు. వెలుతురు తగిలితే లోపలి ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్ అయిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, చివరికి ఆ పసుపు పొడే మిగులుతుంది. ఇది నాకు బాగా తెలుసు. ఎంత తెలుసంటే, ఆ వారమే క్లాసులో బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాను.

స్ఫటికం పెరిగింది. ఏమని చెప్పను! సాన పట్టిన చెయ్యి లేదు, అయినా పలకలు పలకలుగా తీరి, లోపల ఎవరో దీపం పెట్టినట్టుంది. ఎవరూ బెత్తం పట్టకుండానే అన్ని కోట్ల అణువులు వరుసలో నిలబడ్డాయి. మా కాలేజీ ప్రార్థనలో పిల్లలు ఒక్కనాడూ అలా నిలబడలేదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

అది చెమటకు కరుగుతుంది, ఒంటికి తగలడం మంచిదీ కాదు. అందుకని చిన్న గాజు సీసాలో వేసి, రబ్బరు బిరడా బిగించి, నల్లదారం కట్టి ఇచ్చాను. చూశారా, చెమట గురించి ఆలోచించాను. ఆ చెమట ఎందుకు పడుతుందో మాత్రం ఆలోచించలేదు.

రమ్య సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "మస్తుంది. నిజంగ మీరే చేసిండ్రా?"

"పెంచిన."

"దీన్నెట్ల చూస్కోవాలె?"

ప్రశ్న అంత సూటిగా అడిగితే మా చివరి బెంచీవాడు కూడా జవాబు చెప్పేవాడు. నేను ఆమె కళ్లలోకి చూస్తూ, "ఏం లేదు, మెడలేస్కో. అంతే," అన్నాను.

ఆమె వేసుకుంది. అదీ యూనిఫాం పైన, అందరికీ కనబడేలా. మంచి వేసవి. అడవిలో మంటలు లేచే కాలం కాబట్టి సెలవుల్లేవు, నీడ లేదు.

ముహూర్తం పెట్టే రోజు రానే వచ్చింది. చండ్రుగొండ ఇంటి వరండాలో సిద్ధాంతి గారు పంచాంగం విప్పారు. డ్యూటీ నుంచి రమ్య నేరుగా బండి మీద వచ్చింది.

"రాయి సూపియ్యి బిడ్డా అయ్యగారికి," అంది అత్తమ్మ.

రమ్య మెడలోంచి సీసా తీసింది. అందులో పచ్చ లేదు. పసుపు పులిమిన పటిక ముక్కలాంటిది ఒకటి, చుట్టూ పొడి రాల్చుకుంటూ ఉంది.

"రోజింత రంగు పోతాంది," అంది రమ్య నా వైపు చూసి. "మిమ్ముల్నే అడుగుదామనుకున్న."

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. నా శని సీసాలో ఉంది. అత్తమ్మ సీసా లాక్కుని బిరడా తిప్పింది. లోపల చేరిన కార్బన్ డయాక్సైడ్ ఊరుకుంటుందా? టప్పుమని బిరడా లేచి సిద్ధాంతి గారి పంచాంగం మీద పడింది.

"అమ్మో! బుధుడు దుంకిండు!" అని అరిచింది అత్తమ్మ.

సిద్ధాంతి గారు మాత్రం చలించలేదు. అనుభవం అంటే అదీ. కళ్లజోడు సర్దుకుని, "పచ్చ బుధునిది, పసుపు గురునిది. పచ్చ పోయి పుష్యరాగమైందంటె గురుబలం వచ్చినట్టే. పెండ్లికి ఇంతకన్న ఏం గావాలె?" అన్నారు.

అత్తమ్మ చేతులు జోడించింది. నేను అక్కడైనా ఆగాలి కదా! "గురుబలం కాదండి, ఎండబలం. ఎండకు ఫెర్రిక్ కాస్త ఫెర్రస్ అయితది. గిది ఎప్పుడైనా అయ్యేదే," అన్నాను.

"ఊకోండ్రి బాబూ. మంచిమాట నడుస్తాంటె ఇంగ్లీషు మాట్లాడొద్దు," అంది అత్తమ్మ.

అక్కడ నా మాట విన్నది ఒక్క రమ్యే. పెరట్లోకి రమ్మని సైగ చేసింది.

"ఎండకు మారుతదని మీకు ముందుగాలనే ఎర్కనా?"

"ఎర్కే."

"నేను యాడ తిరుగుత?"

"...ఎండల."

"ఎట్ల చూస్కోవాలె అని అడిగిన గద? రాయి సంగతి అంత తెల్సు. నేను పొద్దుందాక ఎండల ఉంటనని మాత్రం యాదికి రాలే." గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. "అమ్మను ముహూర్తం ఆపుమంట."

నా గుండె ఆ బిరడా కంటే పైకి లేచింది. "ఆపకు రమ్యా. ఏం జెయ్యమంటె అది జేస్త."

"ఒక్కరోజు నా బీట్ మొత్తం నాతోని నడువుండ్రి. అప్పుడు చెప్త."

నడిచాను. టోపీ పెట్టుకోకుండా, చెప్పులేసుకుని నడిచాను. మంట పాకకుండా ఎండుటాకులు తీయించిన బాటలను ఆమె చూసుకుంటూ వచ్చింది. తునికాకు కోస్తున్న ఆడవాళ్లు పేరు పెట్టి పలకరిస్తే ఆగి, వాళ్ల పిల్లల చదువులు అడిగింది. ఒకచోట పొగ కనబడితే నేను వెనక్కి ఉరికాను, ఆమె ముందుకు ఉరికింది. పచ్చికొమ్మలతో కొట్టి కొట్టి మంటను ఆర్పి, ముఖం తుడుచుకుని, తన సీసాలో మిగిలిన నీళ్లు నాకే ఇచ్చింది. నేను బీరువాలో పెంచి మురిసిపోయిన మెరుపు ఏపాటిది! ఈ మనిషి రోజంతా ఎండలో ఉండి కూడా మెరుస్తోంది. "నాకు సిగ్గుగున్నది రమ్యా," అని నోరు తెరిచి చెప్పాను.

ఆమె నా ముఖం చూసి పకపకా నవ్వింది. "ముహూర్తం పెట్టుకుందాం గని, ముందుగాల అద్దంల చూస్కోండ్రి."

చండ్రుగొండ చేరేసరికి అద్దం అక్కర్లేకపోయింది. తలుపు తీసిన అత్తమ్మ కేక పెట్టింది. "అయ్యో! రాయి రంగు మారుడు అయిపోయి అల్లుడు మొదలువెట్టిండు! ఎర్రగైండు, ఎరుపంటె కుజుడు గద!"

వెంటనే సిద్ధాంతి గారికి ఫోను పోయింది. కుజుడికి పగడం వెయ్యమని చెప్పారట. నేను ఏదో చెప్పబోయి నోరు తెరిచాను. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పగడం మేం కొనుక్కొస్తం బాబూ. మీరు మాత్రం పెంచకుండ్రి!"

కాబట్టి మోర్ లవణం సాక్షిగా, పెరాక్సైడ్ సీసా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరికీ రాయి పెంచి ఇవ్వను. మా ఆవిడ అడిగిన ప్రశ్నకు సమీకరణంతో సహా జవాబు చెప్పకుండా ఆమె కళ్లలోకి చూడను. ఆ సీసా ఇప్పటికీ మా బీరువాలో ఉంది, రాయి నడిమధ్యన కొంచెం పచ్చ ఇంకా మిగిలే ఉంది. చూపించమని మాత్రం అడక్కండి, తలుపు తీస్తే వెలుతురు పడుతుంది.