పచ్చి బాలింత ఓటు

1907 మార్చి నెల విశేషాలంటూ పట్నం పంచాంగం ఒక పేజీ అచ్చేసింది. రుమేనియాలో రైతులు తిరగబడ్డారట. పారిస్‌లో ఒక గొప్ప శాస్త్రవేత్త, భార్య కన్నుమూసిన రోజే తానూ కన్నుమూశాడట, పాపం. మా ఫిన్లాండులో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసి, తమలో కొందరిని చట్టసభకు పంపారట. లోకంలో అంతకుముందు ఎక్కడా అలా జరగలేదట. అంతా బాగానే ఉంది. మా లోవీసవ్వ ఊసు మాత్రం అందులో ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్ళు మండి ఇది చెబుతున్నాను.

లోవీసవ్వ మా ఊరి మంత్రసాని. మొగుడు దుంగలు తేల్చే పనిలో ఏటిపాలైతే, సరస్సు అవతలి ఒడ్డున ఒంటిగా బతికింది. నొప్పులున్నచోట కొమ్ములు పెట్టి చెడు రక్తం లాగేది, పురుళ్ళు పోసేది, పొగాకు పైపు నోట్లోంచి తీయకుండానే తిట్టేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈవిడ నోరు ఏమాత్రం మంచిది కాదు, అయినా ఊరంతా ఈవిడ మాటే వినేది.

ఆ నెల పోలింగు రెండు రోజులు పెట్టారు, శుక్రవారం, శనివారం. సరిగ్గా శుక్రవారం పొద్దున్నే మా సైమి వదినకు నొప్పులొచ్చాయి. ఊళ్ళో పురుళ్ళన్నీ జరిగినట్టే మా ఆవిరిస్నానాల గదిలో, వెచ్చటి చెక్క బల్ల మీద, మధ్యాహ్నానికల్లా మగబిడ్డను కంది. అందరం సంబరపడుతుంటే వదిన మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం తెల్లారగానే వదిన, రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయిన లోవీసవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నేను ఓటెయ్యాలి. ఇవాళ తప్పితే మళ్ళీ లేదు."

మా అమ్మ ఎవెలీనా పాలచెంబు ఠపీమని కింద పెట్టింది. "మతి పోయిందా పిల్లా? పాదిరిగారు ప్రార్థన చదివి మైల తీర్చేదాకా బాలింత గేటు దాటకూడదు. దాటితే పశువులకు చేటు, ఊరికి చేటు. నువ్వే చెప్పు లోవీసా!"

మా అన్నయ్య కుస్తాను చూస్తే కిటికీలోంచి మంచును లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. ఎటువైపూ మొగ్గడు మహానుభావుడు.

"ఓటు నీకెందుకే అంత?" అంది లోవీసవ్వ.

"పదేళ్ళు పాలేరు పని చేశానవ్వా. ఏ ఇంట్లో ఉండాలో నన్నెవరూ అడగలేదు. పెళ్ళికి కూడా మా నాన్ననే అడిగారు. ఇప్పుడు సర్కారువాళ్ళు నన్ను అడుగుతున్నారు. నేను మంచం మీద పడుకోనా?"

వదిన ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. నాకప్పుడు పంతొమ్మిదే, ఓటుకు ఇరవైనాలుగు నిండాలి, ఆ కడుపుమంట వేరే.

లోవీసవ్వకు ఇది చిన్న సంగతి కాదు. ఈ కట్టుబాటును ఊళ్ళో అందరికంటే గట్టిగా కాపాడింది ఆవిడే. ఇప్పుడు వదినను పంపి, దారిలో ఏమన్నా అయితే, ఇంక ఏ గడపా ఆవిడను పిలవదు. ఆ ముసలితనంలో ఏం తిని బతుకుతుంది? అయినా లేచింది. వదిన పొట్ట తడిమింది, నుదురు చూసింది, గుడ్డలు చూసింది, లేపి నాలుగడుగులు నడిపించింది.

"జ్వరం లేదు. రక్తం కూడా ఎక్కువ పోవట్లేదు," అని మా అమ్మవైపు తిరిగింది. "ఎవెలీనా, ఈ మైల ఎందుకు పెట్టారో తెలుసా? బాలింతను మర్నాడే నీలాంటి అత్త పశువుల పాకలో పనికి తోలకుండా! దాన్ని పడుకోబెట్టడానికి పెట్టారు గానీ కట్టేయడానికి కాదు. కుస్తా, గుర్రాన్ని కట్టు. ఏదన్నా అయితే నాదే పూచీ."

"అయితే బిడ్డను నేనే పట్టుకుంటా. మీ ఇద్దర్నీ నేను నమ్మను," అని అమ్మ గొణుగుతూ, బాప్తిస్మం కాని పసివాడికి గాలీధూళీ సోకకుండా పొత్తిళ్ళలో కత్తెర దోపింది. గుర్రాన్ని నేను తోలాను. గొర్రెతోళ్ళ కింద వదిన, పక్కన లోవీసవ్వ. గడ్డకట్టిన సరస్సు మీద మంచుబండి కుదిపినప్పుడల్లా అవ్వ వదిన మణికట్టు పట్టుకుని నాడి చూసేది. పైపు నోట్లోనే ఉంది, ముట్టించడం మాత్రం మరిచిపోయింది.

పోలింగు పెట్టిన బడి ముందు మగవాళ్ళ వరుస గుమ్మం దాటి మెట్ల మీదకొచ్చింది. అంతసేపు వదిన నిలబడలేదు.

"అదేంటి, నిన్ననే కనలేదూ ఈ పిల్ల?" అన్నాడు ఒకాయన. "మైల తీరకుండా మా మధ్యకా?"

"అవున్నాయనా, పచ్చి బాలింత," అంది లోవీసవ్వ గొంతెత్తి. "నీడ తగిలితే మీ గుర్రాలు కుంటుపడతాయిగా? మరి తప్పుకోరేం?"

తప్పుకున్నారు! ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటూ గోడలకు అతుక్కుపోయారు. మెట్లన్నీ ఖాళీ. పర్యవేక్షకుడిగా కూర్చున్న మాస్టారు మీసాల్లో నవ్వుకుంటూ వదిన పేరు చూసి కాగితం, ఎర్ర పెన్సిలు అందించాడు.

వదిన తెర చాటుకు వెళ్ళింది. ఒక్క గీత గీయడానికి అంతసేపా అనిపించింది నాకు. లోవీసవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది, తెర మీంచి చూపు తిప్పలేదు. తెర కదిలింది. వదిన కాగితం పెట్టెలో వేసి, పాలిపోయిన మొహంతో నవ్వుతూ మా దగ్గరకొచ్చింది. అవ్వ ముందు నుదురు చూసింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది. అదే తెరచాటుకు తనూ వెళ్ళి, ముక్కు చీదుకుంటూ బయటికొచ్చింది.

మగవాళ్ళు మళ్ళీ వరుస కట్టబోతున్నారు. అప్పుడు మా అమ్మ పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి, తలగుడ్డ సర్దుకుని మెట్లెక్కింది.

"ఆగండాగండి, నేనూ ఆ పురిటింటి మనిషినే," అంది. "నాకూ దారివ్వండి."