చివరి సీటుకు ఇనబడాలె

మా బావ పోయాడు. పోయిన గురువారం మధ్యాహ్నం అశోక్ నగర్‌లో క్లాసు చెబుతుంటే అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేస్తలేడురా" అంది, అంతే. ఆటో పట్టుకుని చిక్కడపల్లి చేరేసరికి గల్లీ చివర ఉండే డాక్టరు వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు కూడా. అన్నం తిని, పేపరు పట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. ఆస్పత్రి లేదు, అంబులెన్సు లేదు, ఎవరినీ పరేషాన్ చేసింది లేదు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. నా గుండె ఆపరేషన్ గురించి చూడవచ్చిన వాళ్లందరికీ పూటపూటంతా చెప్పిన మనిషి, తన చావు గురించి చెప్పుకోవడానికి మాకు రెండు ముక్కలు కూడా మిగల్చలేదు. నాకు రాని కాంప్లికేషన్ లేదు. ఆయనకు ఒక్కటి కూడా రాలేదు.

బావ సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం ఆ ఒంట్లో ఎక్కడ పట్టిందో తెలియదు. ఆయన "ముందుకు జరుగున్రి" అని అరిస్తే డ్రైవరు కూడా జరిగేవాడని అక్క ఎగతాళి చేసేది. మెచ్చుకోవడం అనేది ఆ గొంతులో లేదు. పెళ్లయిన దగ్గర నుంచీ అక్క వంట బాగుందని ఒక్కనాడు అన్న పాపాన పోలేదు. "మంచిగుంటేనే గదా తింటున్న, మళ్ల నోటితోని జెప్పాల్నా?" అనేవాడు. మిగతా విషయాలన్నీ మాత్రం నోటితోనే చెప్పేవాడు, అడిగినా అడగకపోయినా.

రెండేళ్ల కిందట నాకు బైపాస్ జరిగింది. వారం పది రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. మొదటిరోజే లోపల నెత్తురు ఆగక ఛాతీ మళ్లీ తెరిచారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, గొంతులో పెట్టిన గొట్టం తీయడానికి వీల్లేకపోయింది. చివరికి అది తీశారు అనుకుంటే కుట్ల దగ్గర చీము పట్టింది, మళ్లీ లోపలికి తీసుకుపోయి శుభ్రం చేశారు. ఇన్ని గండాలు దాటి బతికి బయటపడి నోరు తెరిస్తే, గాలి వచ్చింది గాని మాట రాలేదు.

"ఎడమ పక్క స్వరతంత్రి కదలడం లేదండీ" అన్నాడు గొంతు డాక్టరు. "కొందరికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. కొందరికి రాదు. సాధన చేస్తుండండి, చూద్దాం."

ఆయన తేలిగ్గా అన్నాడు. నేను సర్కారు కొలువుల పరీక్షలకు రాజ్యాంగం పాఠం చెప్పేవాణ్ని. అశోక్ నగర్‌లో మొదటి అంతస్తు హాల్లో, ఊపిరాడనంత మంది ముందు, పొద్దున నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే నా బతుకు. గుండె బాగుపడి గొంతు పోతే నేను ఇంక దేనికి పనికొస్తాను? మైకు ఉంది కదా అన్నారు చాలామంది. మైకు పట్టుకుని చూశాను. గాలి పెద్దగా వినిపించింది, మాట కాదు.

మా ఇల్లు విద్యానగర్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చిక్కడపల్లిలో అక్కావాళ్లది కింది అంతస్తు. అందుకని అక్కడ దించారు. మా ఆవిడ పొద్దున్నే బ్యాంకుకు పోయి సాయంత్రం అక్కడికే వచ్చేది. పగలంతా నేను బావ చేతికి చిక్కాను.

మన దగ్గర ఒకరికి బాగాలేదంటే ఊరంతా చూడ్డానికి రావాలి. రాకపోతే తప్పు. వచ్చి బ్రెడ్డు ప్యాకెట్టు, కొబ్బరి బోండాలు పెట్టి, "అసలు ఎట్ల జరిగింది?" అని అడగాలి. జరిగినవాడికి గొంతు లేదు కాబట్టి బావ చెప్పేవాడు. దూరం కూర్చోమని, మాస్కు పెట్టుకోమని గదమాయించేవాడు, అక్కడివరకు మంచిదే. ఆ తర్వాత మొదలయ్యేది. ఆయన కథలో మొదటి వారం నా గుండెను కాసేపు ఆపారు. రెండో వారానికి బయటికి తీశారు.

"తీసి స్టీల్ గిన్నెల పెట్టిన్రు" అన్నాడు ఒకరోజు, బర్కత్‌పుర నుంచి వచ్చిన మా చిన్నాయనతో. "మంచిగ కడిగిన్రు. ఎన్కకు ముంగటికి తిప్పి చూసిన్రు. మళ్ల లోపల వెట్టి కుట్టిన్రు."

బైపాస్‌లో గుండెను బయటికి తీయరు. గిన్నెలో అసలే పెట్టరు. ఆ మాట చెప్పడానికి నాకు గొంతు లేదు. ఏదైనా కావాలంటే కొట్టమని మా ఆవిడ మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టి పోయేది. చెంచా తీసుకుని టంగు టంగుమని కొట్టాను.

బావ నా వైపు చెయ్యి చూపించాడు. "సూడున్రి, ఆయన గూడ అవునంటుండు."

ఇంకా గట్టిగా కొట్టాను. చిన్నాయన కళ్లొత్తుకున్నాడు. అప్పటినుంచి ఆ గిన్నె మా చుట్టాలందరి ఇళ్లకూ చేరింది. మొన్న ఒక పెళ్లిలో ఎవరో పెద్దాయన నా ఛాతీ వంక భక్తిగా చూసి, "బయట ఎంతసేపు పెట్టిన్రు నాయనా?" అని అడిగాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉంటే నేను చెప్పేది మీకు తెలుస్తుంది. దగ్గు వస్తే ఛాతీకి అదుముకోమని ఆస్పత్రివాళ్లు నాకు ఒక దిండు ఇచ్చారు. మధ్యాహ్నం అయితే అది బావ తల కింద ఉండేది. నాకు దగ్గు వచ్చినప్పుడు ముందు గ్లాసు కొట్టి ఆయన్ను లేపి, దిండు తీసుకుని, అప్పుడు దగ్గాలి. సాయంత్రం మెల్లగా నడిపించడానికి లైబ్రరీ దాకా తీసుకుపోయేవాడు. నాలుగడుగులు ముందు నడుస్తూ, "గుంత ఉన్నది, చూస్కొని దిగాలె" అని కేకేసేవాడు. గల్లీలో వాళ్లంతా చూసుకుని దిగేవాళ్లు. తోవలో ఆగి నా కళ్ల ముందే వేడివేడి మిర్చీ బజ్జీలు తినేవాడు. "నీ పేరు మీదనే తింటున్న బామ్మర్ది, పరేషాన్ గాకు" అని ఓదార్చేవాడు.

గొంతు సాధన అంతకంటే ఘోరం. తల ఎడమకు తిప్పి, ఊపిరి తీసుకుని, "ఆ" అని సాగదీయాలి. నేను ఒక్కణ్నే చేస్తే బాధపడతానని ఆయన కూడా పక్కన కూర్చుని తల ఎడమకు తిప్పి "ఆ" అనేవాడు. ఆయన "ఆ"లో నా "ఆ" వచ్చిందో లేదో నాకే తెలిసేది కాదు. పక్కింటావిడ అక్కను పిలిచి, రిటైరయ్యాక అన్న సంగీతం నేర్చుకుంటున్నాడా అని అడిగింది.

ఇదంతా నవ్వులాట అనిపిస్తుంది గాని, ఒకరోజు మా కోచింగ్ సెంటరు ఓనరు యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చాడు. ఎప్పుడు వస్తారు సార్ అని అడిగాడు. త్వరలో వస్తానన్నాను. ఆయనకు నా పెదవులు కదలడమే కనపడింది. కాసేపు పండ్ల సంచీ సర్దాడు.

"మీరు రెస్టు తీసుకోండి సార్. మీ సబ్జెక్టు ఇంకో సారుకిచ్చినం. ఫికర్ చేయకుండ్రి" అన్నాడు.

ఆయన పోయాక గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆ సాయంత్రం బావ మిర్చీ బజ్జీలకు కూడా పోలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

మర్నాడు ఎక్కడికో పోయి, చెమటలు కక్కుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "అశోక్ నగర్ పోయొచ్చిన. దసరా అయినంక కొత్త బ్యాచ్‌కు మా బామ్మర్ది వస్తడని మీ ఓనరుకు జెప్పిన. సరే అన్నడు."

నన్ను అడగలేదు. డాక్టరును అడగలేదు. ఆ ఓనరు మొహమాటానికి తలూపి ఉంటాడు, ఈయన దాన్ని టికెట్టు కొట్టినట్టు ఖాయం చేసుకుని వచ్చాడు. దిండు విసిరేద్దామంటే ఛాతీ సహకరించదు. ఉన్న గాలంతా కూడగట్టుకుని, "నిన్నెవరు చెప్పమన్నారు బావా?" అన్నాను.

"ఇనబడలే" అన్నాడు. "చివరి సీటుకు ఇనబడాలె."

ఆ రోజు నుంచి అదే పాట. నేను ఏం తిట్టినా ఇనబడలే అనేవాడు. చెవికి దగ్గరగా పోతే వెనక్కి జరిగేవాడు. "నోరుంటే తల గాస్తది అన్నరు పెద్దలు. నువ్వేమో సాగదీసుడు తప్ప మాట్లాడుతలేవు" అని పైగా నీతులు. అక్క వంటింట్లో నుంచి, "ఏమయ్యా, పానం బాగలేనోణ్ని జర ఊకోరాదు" అంటే, "నేనేమన్న, ఇనబడలే అన్న" అనేవాడు.

మధ్యాహ్నాలు పేపరు పైకి చదివేవాడు. చదివి ఊరుకోడు, వ్యాఖ్యానం చెప్పేవాడు. అదీ రాజ్యాంగం మీద, నా ముందు. గవర్నరును ముఖ్యమంత్రి ఎంచుకుంటాడన్నాడు. గ్లాసు కొట్టాను. రాష్ట్రపతికి మనమే ఓటు వేస్తామన్నాడు. గ్లాసు కొట్టాను. దసరా దగ్గర పడుతున్న రోజుల్లో ఒకనాడు కాలు మీద కాలు వేసుకుని, "గీ రాజ్యసభ గూడ అయిదేండ్లకోపాలి రద్దయితది గదా" అన్నాడు.

నేను ఎన్నో ఏళ్లు ఏ మాట దగ్గర బల్ల గుద్ది చెప్పానో సరిగ్గా ఆ మాట. చెంచా కోసం చూస్తే కనపడలేదు. ఆయన చేతిలో ఉంది, దానితో చెవి వెనక గోక్కుంటున్నాడు.

"కాదు" అన్నాను.

గాలి కాదు, మాట. బొంగురుగా, విరిగినట్టు వచ్చింది గాని వంటింట్లో అక్కకు వినపడింది. పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "రాజ్యసభ రద్దు కాదు" అన్నాను మళ్లీ. అక్క ఏడ్చేసింది. రాజ్యసభ కోసం కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

బావ పేపరు దించలేదు. "కాదా? కాకపాయె" అన్నాడు. చెంచాను మాత్రం జేబులో వేసుకున్నాడు.

తెలిసే అన్నావా అని తర్వాత ఎన్నిసార్లు అడిగానో. "నాకేం తెల్సు బామ్మర్ది, టికెట్లు కొట్టుకునేటోణ్ని. రద్దు కాదా అయితే?" అనేవాడు మొహం మామూలుగా పెట్టుకుని. రెండు వారాలకు మళ్లీ రద్దయితదనేవాడు. ఆయన నిజంగా తెలియని మనిషో, నన్ను ఆడించిన మనిషో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పకుండానే పోయాడు. ఈ కోపం మీద ఇంకో కోపం.

దసరా తర్వాత క్లాసుకు పోయాను. ఓనరు సగం మనసుతోనే ఒక గంట ఇచ్చాడు. గొంతు పాతది కాదు, ఇప్పటికీ కాదు, చలికాలంలో జీరబోతుంది. కాని మాట మాటగా వచ్చింది. కిటికీలోంచి చూస్తే కింద ఛాయ్ బండి దగ్గర బావ నిలబడి ఉన్నాడు. క్లాసు అయ్యి దిగాక ఏమంటాడా అని చూశాను.

"ఛాయ్ బండి దాక వచ్చింది" అన్నాడు. "రోడ్డు దాటలే."

అదే ఆయన ఇచ్చిన సర్టిఫికెట్టు. అప్పుడు ఒళ్లు మండింది. నాకు కన్నతండ్రి చెయ్యని చాకిరీ చేశాడని, ఆ గొంతు సగం ఆయన పెట్టిన భిక్షేనని, నేనూ ఒక్కసారి నోటితో చెప్పలేదు. చెబితే ఇనబడలే అనేవాడు, తెలుసు.

ఇప్పుడు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. నాలుగు రోజులుగా చుట్టాలు వస్తూనే ఉన్నారు. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, అక్క పక్కన కూర్చుని, "అసలు ఎట్ల జరిగింది?" అని అడుగుతున్నారు. ఏడ్చి ఏడ్చి అక్కకు గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదులుతున్నాయి, గాలి వస్తోంది. అందుకని నేను చెబుతున్నాను.

మొదట్లో జరిగింది జరిగినట్టే చెప్పాను. అన్నం తిన్నడు, పేపరు పట్టుకున్నడు, పోయిండు. వినేవాళ్లు ఇంకా ఏమైనా ఉందేమోనని చూసేవాళ్లు. అంత దూరం నుంచి వచ్చిన వాళ్లకు అది సరిపోదు. బావ లాంటి మనిషికి కూడా అది సరిపోదు. దాంతో నిన్నటి నుంచి కొంచెం కొంచెం కలుస్తోంది. పొద్దున లైబ్రరీ దాకా నడిచాడన్నాను. దారిలో అందరినీ పలకరించాడన్నాను.

ఇవాళ చిన్నాయన వచ్చాడు, వెంట నలుగురైదుగురు. గుమ్మం బయట ఇంకా చెప్పులు విడుస్తున్న వాళ్లకు కూడా వినపడేలా గొంతు పెంచాను. "రెండు జొన్న రొట్టెలు, వంకాయ కూర తిన్నడు. తిని చెయ్యి కడుక్కొని అక్కను పిలిచి, ఇయ్యాల కూర శాన మంచిగయింది అన్నడు. పోయి కుర్చీల కూసున్నడు."

టంగుమని మోగింది.

మూల గోడకు ఆనుకుని కూర్చున్న అక్క ముందు ఎవరో గ్లూకోజు కలిపి పెట్టిన స్టీలు గ్లాసు ఉంది. అక్క చెంచా పట్టుకుని నా వైపే చూస్తోంది. అనలేదురా, అంటున్నాయి పెదవులు. మళ్లీ కొట్టింది.

"సూడున్రి, అక్క గూడ అవునంటుంది" అన్నాను.

చిన్నాయన కళ్లొత్తుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ భుజాలను చూస్తే తెలియలేదు. ఇంకో చేత్తో మాత్రం గ్లాసును కొడుతూనే ఉంది.