అద్దె చెట్టు

గోదాము షట్టరు సగం దాకా ఎత్తి ఉంది. దాని కింద నుంచి ముందుగా బయటికొచ్చింది చప్పుడు. పొడిపొడిగా, గరగరమని, ఎండుటాకుల మీద ఎవరో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు. కాసేపు ఆగింది. ఒక దగ్గు. మళ్లీ గరగర. వంగి లోపలికి చూస్తే మొదట ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది, ఆ రంగు వెనక ఆవిడ.

ఆవిడ అందరికీ వదినే. ఆ అద్దె సామాన్ల దుకాణం పెట్టినవాడు ఆవిడ భర్త. అతని తమ్ముడు వదినా అని పిలిచేవాడు కాబట్టి కుర్చీలు మోసేవాళ్లూ, వ్యాన్ డ్రైవరూ, ఆఖరికి సామాను అద్దెకు తీసుకోవడానికొచ్చే ముసలివాళ్లూ అలాగే పిలిచారు. కుర్చీలు, తివాచీలు, తెరలు, ప్లాస్టిక్ పూల తోరణాలు, దీపాల దండలు, వాటి మధ్య ఒక క్రిస్మస్ చెట్టు. మనిషి చెయ్యెత్తినా కొస అందదు. ఇనప కాండం, తీగ కొమ్మలు, తీగకు మెలేసిన ప్లాస్టిక్ సూదులు. డిసెంబరులో ఆఫీసుల హాళ్లలో, ఆసుపత్రుల రిసెప్షన్లలో, బట్టల కొట్ల అద్దాల వెనక నిలబడేది. మిగతా ఏడాదంతా పెట్టెలో పడుకునేది.

దాన్ని నిలబెట్టడం ఆవిడకొక్కదానికే వచ్చు. కొమ్మలన్నీ చూపుకి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఒక వరసది ఇంకో వరసలో తగిలిస్తే చెట్టు కాస్తా చీపురవుతుంది. అందుకని ఒక్కో వరస కొమ్మల మొదట్లో ఒక్కో రంగు దారం చుట్టింది. ఏ రంగు ఏ వరసదో ఆవిడ తలలోనే ఉంది. నిచ్చెన మీద నుంచి ఆవిడ రంగు పేరు చెబితే, కింద నుంచి భర్త కొమ్మ అందించేవాడు. ఆ తర్వాత ఒక్కో కొమ్మనీ వేళ్లతో దువ్వి, సూదులు విప్పాలి. పెట్టెలోంచి లేచిన చెట్టుకి నిద్రమొహం ఉంటుంది, దాన్ని కడగాలి అనేది. ఆ పనిలో ఆవిడ వేళ్ల చివర్లు ఎప్పుడూ గరుకుగా ఉండేవి. భర్త వాటిని చూసి, నీతో కరచాలనం చేస్తే చెక్కని నునుపు చేసే గరుకు కాగితం పట్టుకున్నట్టుందే అని నవ్వేవాడు.

ఆయన నిరుడు వానల్లో పోయాడు. గల్లాపెట్టె తాళం మరిది మొలకు చేరింది. అప్పటిదాకా వదినా, నువ్వు అన్నం తిన్నావా అని అడిగిన మనిషి, కర్మ అయిన మర్నాటి నుంచి మీరు, మీరు అనడం మొదలుపెట్టాడు. పెద్దరికం ఇస్తున్నాడని బంధువులు మెచ్చుకున్నారు. ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టే గౌరవం ఎటు దారితీస్తుందో ఆవిడకి తెలియంది కాదు. ఆవిడకి కావలసింది కుర్చీ కాదు, నిచ్చెన. పొద్దున్నే దుకాణానికి వెళ్లాలి, చేతికి పనుండాలి, ఫలానా పని వదిన చెయ్యాలి అని ఎవరో ఒకరు అనాలి.

ఆ మాట అడిగితే మరిది చూద్దాం అన్నాడు. వెనక గోదాములో పాత సామాను తీసేయించండి, ముఖ్యంగా ఆ చెట్టు, దాన్ని అడిగేవాడు లేడు, ముట్టుకుంటే పొడి రాలుతోంది, అది ఖాళీ అయ్యాక మీ సంగతి చూద్దాం అన్నాడు. చూద్దాం అనే మాటకి చేతులూ కాళ్లూ ఉండవు. అయినా ఆవిడ దాని చెయ్యి పట్టుకుని గోదాములోకి నడిచింది.

వెనక దొడ్లో తగలబెట్టించండి, పూట పని అన్నాడతను. ఆవిడ ఒప్పుకోలేదు. ఒకప్పుడు పాత పూల తోరణాలు అక్కడే తగలబెడితే వీధి వీధంతా కళ్లు నులుముకుంది. పాత ఇనుము కొనేవాడు కాండం మాత్రం ఇస్తే తీసుకుంటానన్నాడు, మిగతాది నీ నెత్తిన పెట్టుకో తల్లీ అన్నాడు. పిల్లల హాస్టలు వార్డెనమ్మ సంతోషంగా తీసుకునేదే. కానీ ఆ రోజు కొమ్మలు దువ్వి అరచెయ్యి తిప్పి చూసుకుంటే, గీతల్లో లేతాకుపచ్చ పొడి ఇరుక్కుని ఉంది. కడిగినా దురద పోలేదు. హాస్టలుకి ఇవ్వలేదు.

ఊరి చెత్త కేంద్రంలో చేతులకి తొడుగులు వేసుకున్న ఒకావిడ ఉంది. ఇంత పాత రకం ప్లాస్టిక్కులో సీసం కలిపేవాళ్లని, అది ముదిరితే ఇలాగే పొడై రాలుతుందని, పిల్లలున్న చోట పెట్టొద్దని, కాల్చొద్దని చెప్పింది. ప్రమాదకరమైనవి విడిగా తీసుకునే రోజున తెమ్మంది.

తప్పు అక్కడే జరిగింది. అద్దె సామాన్ల వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. గోదాము గడప దాటే ఏ వస్తువైనా శుభ్రంగా, లెక్క సరిచూసి, మళ్లీ పనికొచ్చేలా దాటాలన్నది ఆ ఇంట్లో అలవాటు. చెత్తకి పంపే చెట్టుని కూడా ఆవిడ అలాగే పంపింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిబట్టతో ఒక్కో కొమ్మనీ తుడిచింది. వంకర్లు తీసింది. వరస వారీగా కట్టలు కట్టి, కింది కొమ్మలు కిందా పై కొమ్మలు పైనా పెట్టెలో సర్దింది. మరలు చిన్న గుడ్డసంచీలో వేసి ముడేసింది. పెట్టె మీద దుకాణం పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి, ఎప్పట్లాగే. కూతురికి పెట్టె సర్దినా ఇంత పొందిగ్గా ఉండదు అన్నాడు డ్రైవరు, వ్యానెక్కిస్తూ.

ఆ రోజు తొడుగులావిడ సెలవు. ఆమె బదులు కూర్చున్నతను మూత తీసి చూసి, ఎవరివో అద్దె సామాన్లు పొరపాటున దించారనుకున్నాడు. పెట్టె మీది నంబరుకి ఫోన్ చేశాడు. సాయంత్రానికి చెట్టు తిరిగొచ్చింది.

మరిది మూత తీసి, ఒక కొమ్మ పట్టుకుని, నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇది పారేసే సరుకేంటి, కొత్తదాన్లా ఉంటే అన్నాడు. చిన్నపిల్లల బడివాళ్లు హాలులో పెట్టడానికి ఏదైనా కావాలని పొద్దున్నే అడిగారట. రేపే పంపిద్దాం అన్నాడు. ఆవిడ పొడి సంగతి చెప్పింది, సీసం సంగతి చెప్పింది, అరచెయ్యి చాపి చూపించింది.

"తుడిచారు కదా వదినా. ఇప్పుడేం రాలట్లేదుగా."

"తుడిస్తే ఇవాళ్టిది పోతుంది. రేపటిది రేపు రాలుతుంది."

అతను నవ్వాడు. పక్కనే బావమరిది నిలబడి ఉన్నాడు, అతని భార్య తమ్ముడు, ఆ వారమే పనిలో చేరినవాడు. మరిది పెట్టెని అతని వైపు జరిపాడు.

"మీరెందుకు శ్రమపడటం, ఈ వయసులో నిచ్చెనలూ అవీ. వీడు వెళ్లి పెట్టొస్తాడు. ఆ దారాల రంగులేవో వీడికి కాస్త చెప్పండి, చాలు."

చాలు అన్న మాట ఆవిడ చెవిలో పడి అక్కడే కూర్చుండిపోయింది. గోదాము ఖాళీ చేస్తే పిలుస్తాడనుకుంది. ఖాళీ చెయ్యమన్నవాటిలో తనూ ఉందని, చెట్టు తిరిగి సరుకైందని, తను కాలేదని ఒక్కసారిగా అర్థమైంది. రంగులు చెప్పేస్తే ఇక తన దగ్గర ఇచ్చేదేమీ మిగలదు. చెప్పకపోయినా వాడు చీపుర్లాగో చాటలాగో దాన్ని నిలబెట్టేస్తాడు. నిలబడితే చాలు, పిల్లలు కింది కొమ్మలు పట్టుకుని లాగుతారు, తర్వాత వేళ్లు నోట్లో పెట్టుకుంటారు.

మర్నాడు వ్యాను బయల్దేరకముందే దుకాణం ముందు చాప పరిచి, దాన్నీ నేలనీ తడిపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుంది. చేతిలో తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయరు. పెట్టె మూత తీసి, పై వరస కొమ్మ తీసి, మొదట్లో కత్తిరించింది. తర్వాతిది. ఆ తర్వాతిది. బావమరిది లోపలికి పరిగెత్తాడు. ఎదురుగా టీ తాగుతున్న డ్రైవరు, వదిన కూర్చున్న కొమ్మే నరుక్కుంటోంది అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మరిది వచ్చి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావ్ నువ్వు?"

ఏడాది తర్వాత వినపడిన ఆ నువ్వుకి ఆవిడ ఒక్క క్షణం తలెత్తింది. మళ్లీ కత్తిరించింది.

"గోదాము ఖాళీ చేయమన్నావుగా. చేస్తున్నా."

"బడివాళ్లకి మాటిచ్చాను నేను."

"పూల తోరణాలు పంపు. కొత్తవి ఉన్నాయి."

"అన్న పెట్టిన సరుకు ఇది."

"అవును. ఆయనుంటే ఈ పాటికి కింద కూర్చుని ముక్కలు అందిస్తుండేవాడు."

 అతను గొంతు తగ్గించి, అది అయ్యాక ఇటు రానక్కర్లేదు అన్నాడు. గోదాము తాళం చెవి అక్కడే చాప మీద పెట్టించుకున్నాడు.

ఆవిడ పని మధ్యలో వదల్లేదు. కాండం ఇనుము కొనేవాడికిచ్చింది. కొమ్మలూ సూదులూ రాలిన పొడీ తడిచాపతో సహా సంచుల్లో మూతి బిగించి కట్టి, ఈసారి ఎక్కడా పేరు లేకుండా, తనే రిక్షా మాట్లాడుకుని చెత్త కేంద్రానికి తీసుకెళ్లింది. తొడుగులావిడ ఉంది. సంచులు తీసుకుని, ఇంత జాగ్రత్తగా ఎవరూ తేరమ్మా అంది. ఆ మెప్పుతో ఆవిడకి కడుపు నిండలేదు. ఇంటికొచ్చి మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. మర్నాడు పొద్దున అలవాటుగా త్వరగా లేచి, జడ వేసుకుని, ఎక్కడికీ వెళ్లాల్సింది లేదని గుర్తొచ్చి, అలాగే మంచం మీద కూర్చుంది.

ఇప్పుడు ఒక లాండ్రీలో తెరలకి ఇస్త్రీ చేస్తుంది. అక్కడ ఆవిడని ఎవరూ వదినా అనరు, ఇదిగోనమ్మా అంటారు. దుకాణం బాగానే నడుస్తోంది. ఆ బడికి అతను తోరణాలే పంపాడట, చెట్టు కన్నా అవే బాగున్నాయన్నారట. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో గెలుపు జాడేమీ లేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తెరని మడత మార్చింది. ఇదంతా రాస్తే అభ్యంతరమా అని నేను అడిగితే, రాసుకోండి, ఒక్కటి మాత్రం సరిగ్గా రాయండి అంది.

"మా మరిదిని చెడ్డవాడని రాయకండి. నన్ను మంచిదాన్నని అసలు రాయకండి. ఆ రోజు వాడు, పద వదినా, నువ్వే వచ్చి పెట్టు అని ఉంటే, ఆ పొడి సంగతి మర్చిపోయి వ్యానెక్కేదాన్నేమో. నాకు తెలీదు. అడగలేదు కదా."