కింది నుంచి చూస్తే

విశాఖ విమానం ఆలస్యమని తెలిసి విమానాశ్రయానికి వెళ్లే దారిలో, సాతంరాయి దగ్గర ఒక టీకొట్టులో ఆగాను. నా సంచిలో నాన్న చేత్తో కట్టిన చేపల ఎరలున్నాయి. కోడి ఈకల్ని దారంతో కొక్కేనికి చుట్టి, అచ్చం ఈగల్లా కట్టేవారు. ఆయన పోయాక, వాటిని బాగా దగ్గరగా ఫొటోలు తీసి పుస్తకం వేద్దామనుకున్నాను. ఇక ఫొటో తీయాల్సింది ఒక్కటే మిగిలింది. దాన్ని బల్ల మీద పెట్టి తీస్తుంటే, పక్కన టీ తాగుతున్న పెద్దాయన కెమెరాలోకి తొంగిచూశాడు.

“మంచిగున్నది బిడ్డా. గని నువ్వు మీదికెల్లి తీస్తున్నవ్. చేప కిందికెల్లి చూస్తది గద!”

చెరువులో గాలం వేసే ముందు ఏ ఎరనైనా ఆ పెద్దాయన గాజు గ్లాసులో వేసి చూసుకుంటాడట. నీళ్ల గ్లాసు తెప్పించి, ఎరను మెల్లగా తేల్చి, నా కళ్లకంటే ఎత్తున పట్టుకున్నాడు.

“మీ నాయన పానం బెట్టి కట్టిండు. ఆ కాళ్లు జూడు.”

ఈగ నీళ్ల మీద కాళ్లు చాచి నిలబడి ఉంది. అవి అడుగున చెదిరినట్టుండే ఈకపోగులు. ఫొటోలో అందంగా ఉండవని, మిగతా ఎరలన్నిటికీ వాటిని నేనే కత్తిరించేశాను.