పక్కింటికి పోయిన ఒంటిపన్ను రాకాసి

నేను బొమ్మలు చేసే మనిషిని కాదు. ఆ ముక్క మొదటే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. బాన్సువాడలో ఒక ఆఫీసులో పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చొని దరఖాస్తులు ఎక్కిస్తాను. చిన్నప్పుడు బడిలో ఆవు బొమ్మ గీస్తే టీచరమ్మ చూసి "కుర్చీ మంచిగ ఏసినవ్" అని మెచ్చుకుంది. అలాంటి నేను ఒక పాత బొమ్మను తెచ్చి, దానికి రాకాసి రూపం తెప్పించాలని ఎందుకు నడుం కట్టానంటే, నా బిడ్డ దగ్గర నా పరువు పూర్తిగా పోయింది కాబట్టి.

దానికి ఆరేళ్లు నిండబోతున్నాయి. ఆ ఏడాదిలో నేను దానికి ఇచ్చి తప్పిన మాటలు మూడు. నిజాంసాగర్ గేట్లు ఎత్తితే చూపిస్తానన్నాను. గేట్లు ఎత్తారు, దించారు, నేను ఆఫీసులోనే ఉన్నాను. కుక్కపిల్లను తెస్తానన్నాను, మా ఆయన వద్దన్నాడు. జాతరలో రంగులరాట్నం ఎక్కిస్తానని తీసుకెళ్లి, అది తిరగడం చూసి నాకే కళ్లు తిరిగి వెనక్కి తీసుకొచ్చాను. ఒకరోజు అది బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి, "మా అమ్మ అబద్ధాలు చెప్తదని టీచర్‌కు చెప్పిన" అంది. టీచర్ ఏమన్నదే అంటే, "సరే కూర్చో అన్నది" అంది. కనీసం "ఛ, అట్లనొద్దు" అని కూడా అనలేదట ఆ తల్లి! ఆ "సరే" నన్ను వారం రోజులు నమిలి తిన్నది.

సరిగ్గా అప్పుడే మా అవ్వ ఊరికి పోయింది. నాకు తల్లి, నా బిడ్డకు అమ్మమ్మ, ఇద్దరికీ ఆమె అవ్వే. మా దగ్గరే ఉంటుంది కానీ, నాట్ల కాలం వచ్చిందంటే ఆమె కాళ్లు ఇంట్లో నిలవవు. నస్రుల్లాబాద్‌లో మా చెల్లె ఇంటికి పోయి, నాటేసే ఆడవాళ్ల గుంపులో ముందు వరుసలో వంగుతుంది. వద్దంటే, "కూసుంటే నడుం నొస్తది" అంటుంది. వంగితే నొప్పి రాదు కాబోలు.

అవ్వ పోతూ పోతూ కథను కూడా పట్టుకుపోయింది. అదే ఒంటిపన్ను రాకాసి కథ. అవ్వ సొంతంగా అల్లింది, మరెక్కడా వినలేదు. ఆ రాకాసి కాలువ గట్టు కింద ఉంటుంది. ఒకటే పన్ను, మూడు జడలు, ఎర్ర చీర, పసుపు అంచు. పిల్లల్ని భయపెడదామని బయలుదేరుతుంది, తీరా పిల్లలు ఏడిస్తే తానే జడుసుకుంటుంది. అందుకే ఏ ఇంటికి పోయినా వాకిట్లోనే నిలబడుతుంది. పిల్లలు బువ్వ తిన్నాక చివరి ముద్ద దాని కోసం గడప అవతల పెట్టాలి. నా చిన్నతనంలో నేనూ మా చెల్లె మోదుగాకులో ఆ ముద్ద పెట్టి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయేవాళ్లం. వచ్చి చూస్తే ఆకు ఖాళీ. పదేళ్లు వచ్చేదాకా నమ్మాను. తర్వాత ఏ కుక్కో తింటుందిలే అనుకొని ఊరుకున్నాను.

అవ్వ లేని ఇంట్లో నా బిడ్డ కంచం ముందు మొండికేసింది. నేను కథ చెప్పబోతే, "నీకు రాదు. రాకాసికి గొంతు గట్లుండదు" అని చెవులు మూసుకుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "రాకాసిని సూస్తవా? నీ పుట్టినరోజు నాడు రాకాసినే తీస్కొస్త!" అనేశాను. అది చెవుల మీంచి చేతులు తీసింది.

"ఒట్టు?"

"ఒట్టు."

"ఈసారి రాకపోతే సార్‌కు గూడ చెప్తా."

పుట్టినరోజు ఆదివారం. ఆ రోజు సోమవారం.

మర్నాడు పొద్దున్నే మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ దిక్కు నుంచి వచ్చే పాత సామాన్ల బండి మా గల్లీలో ఆగింది. దాని మీద, విరిగిన కుర్చీలకూ నూనె డబ్బాలకూ మధ్య, ఒక బొమ్మ ఆకాశం వైపు చూస్తూ పడి ఉంది. మూరెడు పొడవు. జుట్టు సగం కాలింది. ఒక కన్ను మూసుకుంటే తెరుచుకోదు, ఇంకొకటి తెరుచుకుంటే మూసుకోదు. నాకు ప్రాణం లేచొచ్చింది. పగిలిన బకెట్ ఇచ్చి బొమ్మను తీసుకున్నాను. బండాయన నన్ను చూసి, బొమ్మను చూసి, మరాఠీలో ఏదో గొణిగాడు. నాకు మరాఠీ రాకపోవడం ఆ రోజు మేలే అయింది.

ఫోన్‌లో వీడియోలు చూశాను. వేడి నీళ్లలో పెడితే తల మెత్తబడి ఊడుతుందట, అప్పుడు జుట్టు మార్చవచ్చట. తల ఊడదీసి, చాయ్ గిన్నెలోని ఆ వేడి నీళ్లలోనే సన్న మంట మీద నాననిచ్చి, మూత పెట్టి బట్టలు ఆరేయడానికి పోయాను. ఇంతలో మా ఆయన చాయ్ అనుకొని మూత తీశాడు. నీళ్లలోంచి ఒంటి కన్ను ఆయన్ని చూసింది. ఆయన పెట్టిన కేకకు వీధిలో మేకలు చెదిరిపోయాయి.

"ఎవలిదే గీ తలకాయ!"

"రాకాసిది. అరవకు, బిడ్డ వింటది."

ఆయన పొయ్యి కట్టేసి, చెప్పులేసుకొని, బయట హోటల్లో చాయ్ తాగడానికి పోయాడు. వారం రోజులు మా ఇంట్లో చాయ్ ముట్టలేదు.

గోళ్ల రంగు తుడిచే మందుతో మూతి మీది పాత రంగు తీయబోతే, రంగుతో పాటు బుగ్గ కూడా కరిగింది. దాన్ని సర్దబోతే రెండో బుగ్గ లోపలికి పోయింది. సరే, రాకాసే కదా అనుకున్నాను. తెల్ల ప్లాస్టిక్ చెంచా కత్తిరించి పన్ను చేశాను. జిగురుతో అంటించేటప్పుడు నా చూపుడు వేలు రాకాసి నోట్లో అతుక్కుంది. అరగంట సేపు రాకాసి నన్ను కరిచి పట్టుకుంది. నల్ల ఊలుతో మూడు జడలు అల్లాను. గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు పెదాలకు వేస్తే, అది కారి గదవ దాకా వచ్చింది. ఇక చీర. ఎర్ర చీర, పసుపు అంచు. అవ్వ సందుక పెట్టెలో అడుగున అచ్చం అలాంటి పాత చీర ఒకటి దొరికింది, చిరిగి జల్లెడైపోయింది. అడగకుండానే ఒక పేలిక కత్తిరించాను.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను కోతినే చేయబోయాను కాబట్టి ఇంకా కిందికి దిగింది. పూర్తయ్యాక దాని ముందు కూర్చొని చూసి నేనే వెనక్కి జరిగాను. కానీ, నిజం చెప్పొద్దూ, గర్వంగా కూడా అనిపించింది. నా జన్మలో మొదటిసారి, ఏది అనుకున్నానో అది చేశాను.

గురువారం సాయంత్రం ముసురు. రంగు ఆరదు. ఇంట్లో పెడితే బిడ్డ చూస్తుంది. మా డాబా పిట్టగోడకు ఆనుకొనే పక్కింటి అక్క కొత్త ఇల్లు కడుతోంది. ఆ పిల్లర్ల మీంచి ఇనుప సలాకలు మా వైపు చాచుకొని ఉంటాయి, పైన రేకుల నీడ కూడా ఉంది. రాకాసిని ఒక సలాకకు జడతో కట్టి వచ్చాను. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి పైకి పోతే, సలాక ఉంది, రాకాసి లేదు. కోతులే ఎత్తుకుపోయాయని డాబా మీద నిలబడి కనిపించిన ప్రతి కోతినీ తిట్టాను. ఒక కోతి అయితే నా వైపు జాలిగా చూసింది.

శనివారం పొద్దున ఆఫీసుకు బయలుదేరి గేటు తీసి తలెత్తితే, కనబడింది. పక్కింటి ముందు పిల్లర్‌కు, నడివీధికి ఎదురుగా, తలకిందులుగా వేలాడుతోంది నా రాకాసి. నడుముకు నల్ల దారం, దారానికి నిమ్మకాయ, ఎండు మిరపకాయలు, మెడలో ఒక పాత చెప్పు.

దిష్టిబొమ్మ చేశారు! నేను పరుగెత్తాను.

"అక్కా, గా బొమ్మ నాది!"

"ఏంది, గా దిష్టిబొమ్మనా? మేస్త్రి తెచ్చిండనుకున్న గదనే."

పైనుంచి మేస్త్రి తొంగి చూశాడు. "నేను అక్క తెచ్చిందనుకున్న. ఆ వెనక సలాకకు కట్టుంటె, గింత మంచి బొమ్మ ఎనకెందుకని ముందటికి తెచ్చిన. ఎన్ని ఇండ్లు కట్టిన్నో, గింత భయమయ్యే మొఖం సూడలేదక్కా. ఎవలు చేసిండ్రో గని, చేతిల పనుంది."

"అది దిష్టిబొమ్మ గాదు. నా బిడ్డ పుట్టినరోజుకు చేసిన."

అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "పుట్టినరోజుకా? పాణం మంచిగుందా చెల్లె?"

ఎంత బతిమాలినా అక్క ఒప్పుకోలేదు. "కట్టిన బొమ్మను గృహప్రవేశం దాక దించొద్దు చెల్లె. పొద్దున ఒక లారీ ఆయన దీన్నే సూసుకుంట పోయి ఇటుకల కుప్పకు గుద్దబోయిండు. ఎట్ల గుంజుతుందో సూడు దిష్టి! అయినా, ఊరందరి కండ్లు తాగిన బొమ్మను ఇంట్లకు తీస్కపోతవా? ఆడపిల్ల ఉన్న ఇల్లు."

నేనూ ఈ ఊరి మనిషినే. దిష్టి తీసి పారేసినదాన్ని ఇంట్లోకి తెచ్చుకునే ధైర్యం నాకూ లేదు. ఊరికే కడిగితే పోతుందని చదువుకున్న బుర్ర అంది, కాళ్లు మాత్రం కదల్లేదు. అయినా చివరి ప్రయత్నంగా, "ఇంక భయమయ్యేది చేసిస్త, దాన్ని కట్టుకొని ఇది దించుండ్రి, ఎట్లనన్న కడుక్కుంట" అన్నాను. అక్క సరేనంది.

ఆఫీసుకు సెలవు పెట్టాను. బిడ్డ దాన్ని చూస్తుందని బడి కూడా మాన్పించి గేటు దాటనివ్వలేదు. బూడిద గుమ్మడికాయ తెచ్చి దాని మీద కోరలు, మిడిగుడ్లు, మీసాలు వేశాను. రెండు గంటలు నాలుక బయటపెట్టి వేశాను. తీసుకెళ్లి చూపిస్తే అక్క మొదట మూతి బిగపట్టింది, తర్వాత ఇటుకల మీద కూలబడి నవ్వింది.

"గిది నవ్వుతుంది గదనే! దీన్ని సూస్తే దిష్టి పారిపోదు, లోపలికొచ్చి చాయ్ తాగి పోతది."

నిజమే. ఆ గుమ్మడికాయ ముద్దొస్తోంది. ముద్దుగా చేయాల్సిన చోట రాకాసి వస్తుంది, రాకాసి కావాల్సిన చోట ముద్దొస్తుంది, ఏం చేతులు దేవుడిచ్చాడో! ఇంటికొచ్చి గుమ్మడికాయను పొయ్యి గట్టు మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చొని ఏడ్చాను. నాలుగో మాట కూడా పోయింది. ఇక బడిలో సార్‌కు కూడా తెలుస్తుంది.

ఆదివారం పొద్దున పులిహోర కలిపి, బిడ్డకు తలస్నానం చేయించి, కొత్త గౌను వేసి ముందు కూర్చోబెట్టుకున్నాను. "బిడ్డా, రాకాసి..." అని మొదలుపెట్టాను. అది నా మొహం చూసి, అలవాటైనదానిలా, "రాలేదా?" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. అది నన్ను కొట్టినా బాగుండనిపించింది.

"వచ్చింది. గని ఇంట్లకు తేలేకపోయిన. పక్కింట్ల..."

మాట పూర్తికాకముందే అది గేటు దగ్గరుంది. వీధంతా వినబడేలా కేక.

"అమ్మా! ఒంటిపన్ను రాకాసి! నిజంగనే వచ్చింది! చెప్పు గూడ తెచ్చుకుంది!"

నేను వెనకే పోయి, "ఇంట్లకు తెస్తనన్న గని..." అని నసిగాను. అది నన్ను ఎగాదిగా చూసింది.

"పిచ్చి అమ్మా, రాకాసి ఇంట్లకు రాదు గద. వాకిట్లనే ఉంటది. అవ్వ చెప్పలే?"

చెప్పింది. నా చిన్నతనమంతా చెప్పింది. వారం రోజులు బుగ్గలు కరిగించి, వేళ్లు అతికించుకొని, కోతుల్ని తిట్టిన నేను కథలో అసలు ముక్కే మరిచాను.

బిడ్డ పులిహోర తిని, చివరి ముద్ద ఆకులో పెట్టి, పక్కింటి పిల్లర్ కింద పెట్టి వచ్చింది. చేతులు కడుక్కుంది. వెళ్లి చూసింది. మళ్లీ చూసింది. ముద్ద అలాగే ఉంది. అప్పుడే అవ్వ నుంచి ఫోన్ వస్తే, దీవెన కూడా విననివ్వకుండా ఫిర్యాదు చేసింది.

"అవ్వా, రాకాసి వచ్చింది గని ముద్ద తింటలేదు!"

ఫోన్‌లో అవ్వ నవ్వింది. "దానికిప్పుడు ఆకలి లేదు బిడ్డా. మీ అమ్మ నౌకరి చేస్తుంది గద, కడుపునిండ పెడుతుంది."

నేను ఫోన్ లాక్కున్నాను. "అవ్వా, మా చిన్నప్పుడు గా ముద్ద నువ్వే తింటుంటివా?"

"మరి రాకాసొచ్చి తింటదా పిచ్చిదానా? మీ ఇద్దరికి పెట్టినంక గిన్నెల ఏముంటుండె? అడిగితే ఇస్తురు మీరు. పిల్లల కంచంల కెళ్లి అడుక్కొని తినుడేందని, రాకాసి పేరు పెట్టిన."

పదేళ్లు వచ్చేదాకా ఆ ఆకు నేనే పెట్టాను. ఒక్కోసారి పిసినారిలా, కూర లేకుండా, చిన్న ముద్ద పెట్టాను. నడివీధిలో నిలబడి పసిపిల్లలా ఏడ్చాను. నా బిడ్డ నా కొంగు లాగి, "భయపడకమ్మా, అది ఏమనదు" అని ధైర్యం చెప్పింది.

"ఏడుస్తున్నవేందే?" అంది అవ్వ. "అది సరే, రాకాసిని ఎట్ల చేసినవ్?"

చెప్పక తప్పలేదు. ఒంటి పన్ను, మూడు జడలు, కరిగిన బుగ్గలు, సందుకలోని ఆమె ఎర్ర చీర, పక్కింటి పిల్లర్‌కు తలకిందులుగా, మెడలో చెప్పుతో. తిడుతుందనుకున్నాను.

"కన్నతల్లిని దిష్టిబొమ్మ చేసి కట్టినవా?" అంది. "సరే గని, ఇల్లు మంచిగ కడుతుండ్రా?"

"మంచిగనే కడుతుండ్రవ్వా."

"అయితే ఉండనీ. గృహప్రవేశంనాడు నాకో చీర పెట్టుమను. ఊరి దిష్టంత నేనే మోస్తున్న గద."